చదువు ఒత్తిడికి థెరపీ: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్న ఇది: చదువు ఒత్తిడి భరించలేనంతగా ఉంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళి ఏం చెప్పాలి, వెళ్ళొచ్చాక ఏం చెయ్యాలి? కౌన్సెలర్‌ను కలవమని చెప్పేవాళ్ళకు కొదవ లేదు. కలవడానికి ముందూ తరువాతా చెయ్యవలసిన పనిని వరుసగా చెప్పేవాళ్ళు తక్కువ. థెరపీ, అంటే నిపుణులతో మాట్లాడుతూ సాగే మానసిక చికిత్స, ఫలితం ఆ పని మీదే ఎక్కువగా ఆధారపడుతుందని నేను గట్టిగా నమ్ముతాను కాబట్టి, ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

1. ఒత్తిడి ఏ స్థాయిలో ఉందో ముందు తేల్చుకోండి

పరీక్షల ముందు నిద్ర తగ్గడం, ఆకలి మందగించడం, ఊరికే చిరాకు పడడం చాలామందికి ఉంటుంది. పరీక్షలు అయిన వారంలోపు అవి సర్దుకుంటే చికిత్స అక్కర్లేదు. సర్దుకోకుండా రెండు వారాలు దాటితే మాత్రం ఇంకొన్నాళ్ళు చూద్దామని వాయిదా వెయ్యకండి.

కింది వాటిలో మూడు, నాలుగు మీకు వర్తిస్తే థెరపీ మొదలుపెట్టడానికి అది చాలు.

- దాదాపు రోజూ నిద్ర పట్టడం లేదు, లేదా పగలంతా పడుకునే ఉంటున్నారు.
- పుస్తకం తెరిచినా ఒక పేజీ ముందుకు సాగడం లేదు.
- క్లాసులు, ప్రాక్టికల్స్, వైవాలు తప్పించుకుంటున్నారు.
- పరీక్ష హాలులో గుండె దడ, చేతుల వణుకు, చదివినది ఒక్కసారిగా గుర్తుకు రాకపోవడం ఉన్నాయి.
- స్నేహితుల ఫోను, ఇంటి ఫోను ఎత్తబుద్ధి కావడం లేదు.
- మత్తు, సిగరెట్టు, నిద్రమాత్రల వాడకం మొదలైంది లేదా పెరిగింది.

పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రాన్ని చాలామంది వైద్యులు వాడతారు. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది, మొత్తం 0 నుంచి 27 దాకా వస్తుంది. 10 గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణులను కలవాలి. దానితో మీకు మీరే జబ్బు పేరు పెట్టుకోకూడదు. తొమ్మిదో ప్రశ్న ప్రాణం తీసుకోవాలనే ఆలోచనల గురించి. మొత్తం ఎంత తక్కువగా వచ్చినా సరే, ఆ ప్రశ్నకు సున్నా కాకుండా ఏ జవాబు రాసినా వెంటనే రెండో అంశం చదవండి.

2. ఆగకూడని పరిస్థితి

చనిపోవాలనే ఆలోచన వస్తున్నా, తనను తాను గాయపరుచుకుంటున్నా, ఇక తాను ఉండనన్నట్టు మాట్లాడుతున్నా, వస్తువులు పంచిపెట్టేస్తున్నా, ఇక మిగిలిన అంశాలన్నీ తరువాతి సంగతి.

- ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. రూమ్మేటు, అన్నయ్య, వార్డెను, ఎవరో ఒకరు పక్కన ఉండాలి.
- టెలి మానస్ నంబరు 14416కు ఫోను చెయ్యండి. ఇది 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.
- ప్రాణాపాయం ఎదురుగా ఉంటే 108 లేదా 112కు చెప్పి, దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి.
- మందులు, పురుగుమందు, పదునైన వస్తువులు గదిలో లేకుండా చూడండి.

పోలీసు కేసవుతుందన్న భయంతో కొన్ని కుటుంబాలు ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఇంట్లోనే దాచి ఉంచుతాయి. ఆ భయం వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలే తప్ప శిక్షించకూడదు. అలాంటి వారికి చికిత్స, పునరావాసం అందించే బాధ్యతను కూడా అదే సెక్షను ప్రభుత్వం మీద పెట్టింది.

3. వెళ్ళే ముందు ఒక వారం నోటుపుస్తకం రాయండి

ఈ మెట్టును దాటవేసేవాళ్ళే ఎక్కువ. మొదటి రోజు ఎదురుగా కూర్చున్న నిపుణులు ఏమిటి సమస్య అని అడిగితే, "ఏమో సార్, టెన్షన్‌గా ఉంటోంది" అనే ఒక్క మాటతో ఆగిపోతారు. అప్పుడు ఆ గంటంతా వివరాలు రాబట్టడంతోనే అయిపోతుంది. నోటుపుస్తకం ఉంటే ఆ గంట మీకు మిగులుతుంది.

రోజుకు ఒక పేజీ చాలు. ఇలా ఉండాలి:

ఎప్పుడు: మంగళవారం సాయంత్రం, మెస్సు నుంచి గదికి వచ్చాక.
ఏం జరిగింది: ఇంటర్నల్స్ మార్కులు పెట్టారు, 30కి 11.
ఏమనిపించింది: ఈ సెమిస్టరు పోయినట్టే, నాన్నకు మొహం ఎలా చూపించాలి?
ఒంట్లో ఎలా ఉంది: గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో తిప్పినట్టు.
ఏం చేశాను: పుస్తకం మూసేసి రాత్రి రెండున్నర దాకా ఫోను చూశాను.

సలహాలు, పశ్చాత్తాపాలు రాయకండి. జరిగింది జరిగినట్టు రాయండి. దానితో పాటు పడుకున్న వేళ, లేచిన వేళ, తిన్న పూటలు, తాగిన టీ కాఫీలు కూడా వేసుకోండి.

పుస్తకంతో పాటు తీసుకెళ్ళవలసినవి:

- ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలు, ఆయుర్వేదం, హోమియో సహా.
- ఈ మధ్య చేయించిన రక్త పరీక్షల కాగితాలు.
- పరీక్షల తేదీలు, మిగిలిపోయిన బ్యాక్ పేపర్ల జాబితా.
- ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉండి ఉంటే ఆ వివరం.

విపరీతమైన నీరసం, నిద్రమత్తు, జుట్టు రాలడం వంటివి ఉంటే ముందుగా ఒక మామూలు డాక్టరు దగ్గర హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ లోపం అచ్చం మానసిక కుంగుబాటులాగే కనిపించగలవు. హాస్టలు భోజనం మీద బతికే ఆడపిల్లల విషయంలో ఈ మాట మరీ ముఖ్యం.

4. ఎవరు ఏ పని చేస్తారో తెలుసుకోండి

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తరువాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. జబ్బును నిర్ధారిస్తారు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, పరీక్షలు చేసి థెరపీ ఇస్తారు. వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలి. ఆ నమోదు సంఖ్య అడగడంలో మర్యాద తక్కువేమీ లేదు, అర్హత ఉన్నవారు సంకోచించకుండా చెబుతారు. కాలేజీ కౌన్సెలర్ చదువు, సర్దుబాటు సమస్యలకు మొదటి మెట్టుగా పనికొస్తారు.

ఎవరితో మొదలుపెట్టాలి? నిద్ర, తిండి పూర్తిగా దెబ్బతిన్నా, చావు ఆలోచనలున్నా, లేని మాటలు వినిపిస్తున్నా సైకియాట్రిస్టుతో మొదలుపెట్టాలి. పరీక్ష భయం, వాయిదా వేసే అలవాటు, ఇంటి ఒత్తిడి వంటివి ప్రధానమైతే సైకాలజిస్టు గానీ కౌన్సెలర్ గానీ చాలు.

"మూడు రోజుల్లో జ్ఞాపకశక్తి", "హిప్నాటిజంతో ర్యాంకు" అని ప్రకటనలు వేసేవారి జోలికి పోకండి. డబ్బు పోవడం ఒక్కటే నష్టం కాదు. అక్కడ విఫలమైన పిల్లలు అసలు చికిత్స మీదే నమ్మకం పోగొట్టుకుంటారు.

5. మన ప్రాంతంలో ఎక్కడికి వెళ్ళవచ్చు

గంజాం వైపు వారికి బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. కొరాపుట్, జయపురం వారికి కొరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల దగ్గర. రాయగడ, పర్లాకిమిడి వారు ముందుగా జిల్లా ప్రధాన ఆసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కోవాలి. వెళ్ళి తిరిగి రావడం కంటే ముందు రోజు ఫోను చెయ్యడం మంచిది. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తారు.

సరిహద్దు దాటడం కూడా ఒక దారే. పర్లాకిమిడి నుంచి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, రాయగడ నుంచి రైలులో విజయనగరం, విశాఖపట్నం వెళ్ళవచ్చు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. అయితే థెరపీ ఒక్కసారితో అయ్యేది కాదు. వారం వారం అంత దూరం వెళ్ళలేరనుకుంటే, నిర్ధారణకు ఒకసారి దూరం వెళ్ళి, వారపు సెషన్లు దగ్గరలో గానీ వీడియోలో గానీ పెట్టుకోండి.

కాలేజీని కూడా అడగండి. 2025 జులై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం వంద, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న సంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సోషల్ వర్కర్‌ను గానీ నియమించాలి. వందకు లోపు ఉన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. "మన కాలేజీలో ఆ బాధ్యత ఎవరిది సార్?" అని ప్రిన్సిపాలుకు రాతపూర్వకంగా ఒక దరఖాస్తు పెట్టండి, నలుగురు కలిసి పెడితే ఇంకా మంచిది.

6. ఏ భాషలో మాట్లాడాలో ముందే తేల్చుకోండి

ఇది మన జిల్లాలకే ప్రత్యేకమైన విషయం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, ప్లస్ త్రీ (డిగ్రీ) క్లాసులో ఇంగ్లీషు. మనలో చాలామంది ఒడియా చక్కగా మాట్లాడతారు. అయినా నాన్న మీద కోపం, అమ్మ నగలు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన దిగులు, ఆ భాషలో చెప్పబోయేసరికి మాట తడబడుతుంది, లేదా పుస్తకం చదివినట్టు పొడిగా వస్తుంది.

కాబట్టి అపాయింటుమెంటు తీసుకునేటప్పుడే "తెలుగు అర్థమయ్యేవారు ఉన్నారా?" అని అడగండి. బరంపురంలోనూ రాయగడలోనూ ఇది వింత ప్రశ్నేమీ కాదు. తెలుగువారు దొరకకపోతే నోటుపుస్తకం తెలుగులోనే రాసుకుని, మాట్లాడేటప్పుడు ఒడియాలో చెప్పండి. మాట అందని చోట తెలుగులోనే అనేసి, తరువాత అర్థం వివరించండి. మంచి థెరపిస్టు ఆ మాట దగ్గరే ఆగి అడుగుతారు.

చుట్టాలను దుబాసీగా కూర్చోబెట్టుకోకండి. మావయ్య ఎదుట చెప్పలేనివి అలాగే మిగిలిపోతాయి.

తెలుగు థెరపిస్టుతో వీడియో సెషను కూడా బాగానే పనిచేస్తుంది. హాస్టలులో చాటు దొరకడమే కష్టం. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మేడ మీద గానీ, మధ్యాహ్నం ఖాళీగా ఉండే క్లాసు గదిలో గానీ కూర్చోండి. ఆ గంట తలుపు కొట్టవద్దని రూమ్మేటుకు ముందే చెప్పండి. సిగ్నలు సరిగా లేకపోతే వీడియో ఆపి మాటతోనే సాగించవచ్చు.

7. ఇంట్లో చెప్పడం

పద్దెనిమిదేళ్ళు నిండినవారు తమ చికిత్స విషయం తామే నిర్ణయించుకోవచ్చు. ప్లస్ టూ చదువుతూ పద్దెనిమిది నిండనివారికి తల్లిదండ్రుల అంగీకారం కావాలి. ఏ వయసువారైనా, ఇంట్లో కనీసం ఒక్కరికి తెలిస్తే ప్రయాణం, డబ్బు, ధైర్యం మూడూ కలిసొస్తాయి.

"డిప్రెషన్" అనే మాటతో మొదలుపెడితే పెద్దలు కంగారుపడతారు, లేదా కొట్టిపారేస్తారు. కనిపించే బాధతో మొదలుపెట్టండి: "నాన్నా, నెల రోజులుగా నిద్ర పట్టడం లేదు. క్లాసులో కూర్చున్నా బుర్రకెక్కడం లేదు. డాక్టరుకు చూపించుకుంటాను, మీరూ ఒకసారి రండి."

దిష్టి తగిలిందని, గుడికి వెళ్దామని అంటే వాదించకండి. గుడికి వెళ్ళండి, డాక్టరు దగ్గరికీ వెళ్ళండి. చికిత్స మానేసి అవే చాలంటే మాత్రం ఒప్పుకోకండి.

8. మొదటి సెషను ఎలా ఉంటుంది

సాధారణంగా 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. ప్రభుత్వ ఓపీలో రద్దీ వల్ల డాక్టరు ముందు కూర్చునే సమయం చాలా తక్కువ దొరకవచ్చు. అందుకే నోటుపుస్తకం మొదటి పేజీ మీద అతి ముఖ్యమైన మూడు వాక్యాలు రాసి ఉంచండి.

నిద్ర, ఆకలి, చదువు, ఇల్లు, స్నేహాలు, మత్తు అలవాట్లు, చావు ఆలోచనలు, అన్నీ అడుగుతారు. చివరిదాన్ని అందరినీ అడుగుతారు, నిజం చెప్పండి. చెప్పడానికి సిద్ధంగా లేని విషయం ఉంటే అబద్ధం ఆడకుండా "ఇది తరువాత చెబుతాను" అనండి.

మీరు అడగవలసినవి:

- నా సమస్యను మీరు ఏమని అనుకుంటున్నారు?
- ఏ పద్ధతి వాడతారు, సుమారు ఎన్ని సెషన్లు పట్టవచ్చు?
- నేను చెప్పినవి ఇంట్లోగానీ కాలేజీలోగానీ ఎవరికైనా చెబుతారా?
- మధ్యలో ఇబ్బంది పెరిగితే ఎవరికి ఫోను చెయ్యాలి?

గోప్యత మీ హక్కు, రెండో అంశంలో చెప్పిన 2017 చట్టంలోని 23వ సెక్షను దాన్ని కాపాడుతుంది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాల్లో మాత్రం అవసరమైన మేరకు చెప్పవలసి వస్తుంది. కాలేజీ కౌన్సెలర్ అయితే, ప్రిన్సిపాలుకు ఏది చేరుతుందో ఏది చేరదో మొదటి రోజే స్పష్టంగా అడిగి తెలుసుకోండి.

మొదటి రోజు ఏడుపు రావచ్చు, బయటికి వచ్చాక ఎక్కువ అలసటగా ఉండవచ్చు. ఆ సాయంత్రం టెస్టు గానీ, పెద్ద ప్రయాణం గానీ పెట్టుకోకండి.

9. సెషన్ల మధ్య చెయ్యవలసిన పని

చదువు ఒత్తిడికి ఎక్కువగా వాడేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే సీబీటీ. ఆలోచన, ఒంటి స్పందన, ప్రవర్తన ఒకదాన్నొకటి ఎలా పెంచుతున్నాయో చూసి, ఆ గొలుసును ఒక చోట తెంపడం దీని పద్ధతి. వారానికి ఒక గంట మాట్లాడితే ఇది జరగదు, మిగిలిన ఆరు రోజుల్లోనే జరుగుతుంది.

ఆలోచనను విచారించడం. మూడో అంశంలోని మంగళవారం పేజీనే తీసుకోండి. "సెమిస్టరు పోయినట్టే" అనే ఆలోచనకు ఆధారం ఏమిటి? 30కి 11 వచ్చిన మాట నిజం. వ్యతిరేక ఆధారం? 70 మార్కుల పరీక్ష ఇంకా ఉంది, మిగతా పేపర్లలో పరిస్థితి ఇలా లేదు, పోయిన ఏడాది ఇలాంటి మార్కులతోనే ఒక పేపరు గట్టెక్కింది. ఇప్పుడు రెండూ కలిపి ఒక వాక్యం రాయాలి: "ఈ పేపరులో వెనకబడ్డాను, రెండు యూనిట్లు అర్థం కాలేదు, శుక్రవారం మేడమ్‌ను అడగాలి." ఇందులో "అంతా మంచే జరుగుతుంది" అనే మాట లేదని గమనించండి. నమ్మలేని ధైర్యవచనం రాసుకుంటే మనసు ఒప్పుకోదు. నిజమైన, కొంచెం చిన్నదైన మాట ఒప్పుకుంటుంది.

పనిని ముక్కలు చెయ్యడం. "థర్మోడైనమిక్స్ పూర్తి చెయ్యాలి" అనేది పని కాదు, భయం. "రేపు ఉదయం ఏడు నుంచి ఏడున్నర దాకా మొదటి యూనిట్‌లో రెండు లెక్కలు" అనేది పని. మొదలుపెట్టే ముందు భయం పదికి ఎంత, అయ్యాక ఎంత అని అంకె వేసుకోండి. వారంలోనే తేడా కాగితం మీద కనిపించవచ్చు.

భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం. పరీక్ష హాలు భయం ఉన్నవారు ముందుగా గదిలో టైము పెట్టుకుని ఒక ప్రశ్నకు జవాబు రాయాలి. తరువాత లైబ్రరీలో అరగంట పేపరు, ఆ తరువాత స్నేహితుడు ఇన్విజిలేటరులా కూర్చుండగా మూడు గంటల పేపరు. భయం వచ్చిన వెంటనే లేచిపోతే అది బలపడుతుంది. కాస్త తగ్గేదాకా ఆగి లేవాలి. దడ వచ్చినప్పుడు నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, అయిదు నిమిషాలు. ఈ ఊపిరిని మామూలు రోజుల్లో సాధన చేస్తేనే హాలులో పనికొస్తుంది.

నిద్ర. ఎంత ఆలస్యంగా పడుకున్నా ఒకే వేళకు లేవండి. మంచం మీద చదవకండి. హాస్టలు గదిలో బల్ల లేకపోతే చాప వేసుకుని గోడకు ఆనుకోండి. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి కూర్చుని, మగతగా అనిపించాకే మళ్ళీ పడుకోండి. సాయంత్రం తరువాత టీ, కాఫీ మానండి. నైట్ అవుట్ చేసి చదివినది మరునాడు సరిగా నిలవదు, ఎందుకంటే చదివినది మెదడులో స్థిరపడడానికి నిద్ర కావాలి.

మందులు రాస్తే. కుంగుబాటుకు, ఆందోళనకు ఇచ్చే మందులు పనిచెయ్యడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకొంత ఎక్కువ పడుతుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి ఉండవచ్చు. మొదటి రోజుల్లో కంగారు గానీ చావు ఆలోచనలు గానీ పెరిగితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. బాగైపోయిందని మీకు మీరే ఆపకండి, డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి. స్నేహితుడి చీటీతో మాత్రలు కొనడం ప్రమాదకరం.

10. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

రెండు సెషన్లకే మానేయడం: మార్పు తెలియడానికి కనీసం నాలుగైదు సెషన్లు ఇవ్వండి. అప్పటికీ ఏమీ లేకపోతే మానేయకుండా, ఆ మాటే థెరపిస్టుతో అనండి. పద్ధతి మార్చవచ్చు, అవసరమైతే మనిషినీ మార్చవచ్చు.

పరీక్షల నెలలో ఆపేయడం: సమయం లేదని ఆపేది సరిగ్గా అవసరమైన నెలలోనే. సెషను నిడివి తగ్గించమని అడగండి, పూర్తిగా ఆపకండి.

థెరపిస్టు ఇచ్చిన ఇంటిపని చెయ్యలేదని సిగ్గుపడి వెళ్ళకపోవడం: ఎందుకు చెయ్యలేకపోయారన్నదే ఆ రోజు మాట్లాడవలసిన విషయం. ఖాళీ పుస్తకంతోనే వెళ్ళండి.

థెరపిస్టు తిట్టడం, పోల్చడం, మతం కులం ఎత్తడం, చెప్పినవి బయట చెప్పడం: ఇవి మీరు సర్దుకుపోవలసిన విషయాలు కావు. వెంటనే మారండి.

తల్లిదండ్రులు ప్రతి సెషను తరువాత "ఏం చెప్పావు?" అని ఆరా తీయడం: పెద్దలకు ఒక మనవి. "భోంచేశావా, వచ్చే వారం నేను రానా?" అని అడిగితే చాలు. మార్కుల ప్రస్తావన ఆ రోజుకు పక్కన పెట్టండి.

అసలు కారణాన్ని వదిలేయడం: ర్యాగింగ్ వల్ల, ఇష్టం లేని బ్రాంచి వల్ల, కట్టలేని ఫీజు వల్ల వచ్చిన ఒత్తిడిని ఊపిరి వ్యాయామం తీర్చదు. ర్యాగింగ్ అయితే యూజీసీ జాతీయ నంబరు 1800-180-5522కు ఫిర్యాదు చెయ్యండి. ఫీజు అయితే స్కాలర్‌షిప్ విభాగాన్ని, బ్రాంచి అయితే హెచ్‌ఓడీని కలవడం కూడా చికిత్సలో భాగంగానే పెట్టుకోమని థెరపిస్టును అడగండి.

11. ఎంత బాగయిందో కొలవడం, ఎప్పుడు ఆపాలి

రెండు వారాలకొకసారి పీహెచ్‌క్యూ-9 మళ్ళీ నింపి తేదీతో సహా దాచండి. దానికంటే నేను ఎక్కువ నమ్మేవి రోజువారీ గుర్తులు: హాజరు పెరిగిందా, మెస్సులో నలుగురితో కూర్చుని తింటున్నారా, తప్పించుకున్న వైవాకు వెళ్ళారా, ఇంటికి మీరే ఫోను చేస్తున్నారా. మార్కులు వీటి తరువాత, ఒక సెమిస్టరు ఆలస్యంగా కదులుతాయి.

ఆపే ముందు సెషన్లను వారం నుంచి పదిహేను రోజులకు, తరువాత నెలకు జరపమని అడగండి. చివరి సెషనులో ఒక పేజీ రాయించుకోండి: నాకు మళ్ళీ ఒత్తిడి ముదురుతోందని చెప్పే మొదటి మూడు గుర్తులు ఏవి, అవి కనిపిస్తే మొదట నేను ఏం చెయ్యాలి, ఎవరికి చెప్పాలి. ఒక నకలు రూమ్మేటు దగ్గరో అక్క దగ్గరో ఉంచండి, ఎందుకంటే ఆ గుర్తులు మీకంటే ముందు వాళ్ళకే కనిపిస్తాయి. తరువాతి సెమిస్టరు పరీక్షల టైంటేబుల్ రాగానే, ఇబ్బంది ఉన్నా లేకపోయినా, పరీక్షలకు మూడు వారాల ముందు ఒక సెషనుకు తేదీ తీసుకోండి.